ఎర్రగా ‘చేయాలి’, పచ్చగా ‘అయింది’

దొంగతనానికి రోజు కుదిరింది గానీ, ఫైలుకి రంగులే కుదరడం లేదు.

గడియారాల గోడౌన్‌లో స్టోర్ చూసే ఉద్యోగం ఊడినప్పటినుంచీ బావకి ఆ గోడౌన్ ఖాళీ చేయాలని పంతం. సోమవారం సరుకంతా వేరే ఊరికి తరలిపోతుంది. ఇంటాయనేమో అద్దె కట్టకపోతే నెలాఖరుకి సామాను వీధిలో పెడతానన్నాడు. అంటే ఉన్నది ఈ ఆదివారం ఒక్కటే. అయినా బావ కంప్యూటర్ ముందునుంచి లేవడం లేదు. ‘చేయాలి’ అన్న మాట ఎర్రగా, ‘అయింది’ అన్న మాట పచ్చగా కనపడేలా సెట్టింగులు సర్దుతున్నాడు.

"కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు బావా?" అన్నాడు బావమరిది. పనీపాటా లేక అక్క ఇంట్లో తిష్ఠ వేసిన మనిషి. ఈ దొంగతనంలో సగం వాటాదారు.

"కాగితానికి బుద్ధుంటుందా? ఇది చూడు. ఉత్త టెక్స్ట్ ఫైలు. చుక్క పెట్టి పని రాస్తే చాలు. ఈ బటన్ నొక్కితే వారం పనులన్నీ వరసగా నిలబడతాయి. గడువు దాటిన పని పైకెక్కి కూర్చుని అరుస్తుంది."

"అరిస్తే పనైపోతుందా?"

"అవుతుందిరా! పెళ్లైన దగ్గర్నుంచీ ఇంటి పనులన్నీ ఇందులోనే రాస్తున్నా. కుళాయి కారడం ఆగిందా లేదా? కరెంటు బిల్లు కడుతున్నామా లేదా? రాసి కాకుండా పోయిన పని ఒక్కటి చూపించు. అందుకే చుట్టాలందరికీ చెబుతా, ఈ ఇంట్లో పనులన్నీ నేనే చేస్తా, కావాలంటే ఫైలు చూడండి అని."

దుమ్ము తుడుస్తున్న భార్య తలెత్తలేదు. "ఆ చేతులు కాస్త తీయండి" అని, కీబోర్డు సందుల్లో గుడ్డ దూర్చి తుడిచి వెళ్లిపోయింది.

బావ గొంతు తగ్గించాడు. "నియమం విను. పని చేసినవాడు నోరెత్తకూడదు. నాకూ చెప్పొద్దు, నేనూ చెప్పను. గోడలకి చెవులుంటాయి. ఫైల్లో ‘అయింది’ అని మార్చాలి, అంతే. ఎవరు మార్చినా పక్కన నా పేరు దానంతటదే పడుతుంది."

"నా పేరెందుకు పడదు?"

"సెట్టింగు పెట్టింది నువ్వా, నేనా?"

పనులు ఎర్రగా బారులు తీరాయి. కుక్కని మచ్చిక చేసుకోవడం. దొంగ తాళంచెవి. కాపలావాడిని సాగనంపడం. కెమెరాకి గంతలు. సరుకు తేవడం.

మర్నాడు పొద్దున్నే కుక్క పచ్చబడింది. వీడు పైకి సోమరిపోతులా ఉంటాడు గానీ గట్టివాడే అనుకున్నాడు బావ. ఫైల్లో బావ పేరు చూసిన బావమరిది, కుర్చీలోంచి లేవకుండా ఎలా చేశాడబ్బా అని నోరు తెరిచాడు. నియమం నియమమే కాబట్టి ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని కన్ను గీటుకున్నారు.

"అక్కా, ఈమధ్య నా కంచంలో మాంసం ముక్కే పడట్లేదేం?" అన్నాడు బావమరిది అన్నం దగ్గర.

"తినాల్సినవాళ్లు తిన్నారు" అంది ఆవిడ.

ఆ వెనకే తాళంచెవి పచ్చబడింది. చూస్తే కంప్యూటర్ పక్క మేకుకి కొత్త తాళంచెవి వేలాడుతోంది. మళ్లీ కన్ను గీటుకున్నారు. ఆదివారం పొద్దున్నకి కాపలావాడూ, కెమెరా కూడా పచ్చనే. ఎరుపు ఒక్కటే మిగిలింది: సరుకు తేవడం.

ఆ ఎరుపు ఇంకాస్త ముదురుగా ఉంటే బాగుంటుందని బావకి తోచింది. అది ముదిరేసరికి మధ్యాహ్నం దాటింది.

గోడౌన్ దగ్గర కుక్క బావమరిది చెయ్యి నాకింది. కెమెరాకి ఎవరిదో మసిగుడ్డ చుట్టి ఉంది. తాళం వెన్నలో వేలు దిగినట్టు తెరుచుకుంది.

లోపల బీరువాలన్నీ బోసిగా ఉన్నాయి. ఒక్క గడియారం లేదు. గోడకి తగిలించుకున్నది కూడా లేదు.

బయటికి పరిగెడుతుంటే, ఎక్కడో కడుపునిండా తిని పళ్లు కుట్టుకుంటూ వస్తున్న కాపలావాడు ఎదురుపడి, బావని గుర్తుపట్టాడు.

ఇంటికొచ్చి ఒకళ్ల కాలర్ ఒకళ్లు పట్టుకున్నారు.

"తాళంచెవి చేయించింది నువ్వు! సరుకెక్కడ పెట్టావురా?"

"నేనా? అన్నిటికీ నీ పేరే ఉంటేనూ!"

"ఎవడు చేసినా పడేది నా పేరేరా, వెధవా!"

ఇద్దరి చూపూ తెర మీద పడింది. ఆఖరి వరస కూడా పచ్చగా మెరుస్తోంది. సరుకు తేవడం: అయింది.

మాట ఆగేసరికి, లోపలి గదిలోంచి చినుకులు రాలినట్టు టిక్‌టిక్‌మని చప్పుడు.

భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కాలర్లు చింపకండి, కుట్టుకోవాల్సింది నేనే. సరుకు మంచం కిందా, అటక మీదా సర్దాను. తోపుడుబండి ఇంకా తిరిగివ్వాలి."

"నువ్వా?" అన్నాడు బావ.

"మరి? మీరు రాశారుగా. రాసిన పని మీరెప్పుడు చేశారు గనక?"

అప్పుడే తలుపు దబదబా బాదారు. కానిస్టేబుల్, ఆయన వెనక కాపలావాడు. కానిస్టేబుల్ తెర ముందు వంగి, కుక్క దగ్గర్నుంచి సరుకు దాకా ఒక్కొక్క పచ్చ వరసా చదివాడు. ప్రతి వరస పక్కనా ఒకటే పేరు.

బావ తెరకి అడ్డంపడ్డాడు. "సార్! నేను చేయలేదు సార్! ఒక్క పనీ నేను చేయలేదు! అన్నీ మా ఆవిడే చేసింది! కుళాయి కూడా ఇదే బాగుచేసింది సార్!"

పెళ్లయ్యాక ఆ మనిషి నిజం చెప్పడం అదే మొదలు.

కానిస్టేబుల్ ఆవిడ వంక చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుని, నెమ్మదిగా అంది:

"భయంతో ఏదో అంటున్నారు, పట్టించుకోకండి సార్. ఈ ఇంట్లో పనులన్నీ ఆయనే చేస్తారు. కావాలంటే ఫైలు చూడండి."