ట్యాంకు మీద డేగ

“ఆ పెద్దాయనకి ఏమన్నా అయితే మన మురళిని జైల్లో పెడతారేమోనండీ!”

గంట నుంచి వెంకాయమ్మది ఇదే మాట. భర్త సత్తిరాజు పెరట్లో బండి ముందు కూర్చున్నాడు. మరిగిన నీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, మోటారు సైకిలు ట్యాంకు మీద పరిచాడు. తువ్వాలు కింద రెక్కలు చాపిన తెల్ల డేగ స్టిక్కరుంది. నాలుగేళ్ల కిందట బండి కొన్ననాడు కొడుకు మురళి ముచ్చటపడి అంటించుకున్నది.

ఆ ముచ్చటే ఇప్పుడు కొంప ముంచింది. జంగారెడ్డిగూడెంలో కూతురు మమత దగ్గర వారం రోజులుండి వెంకాయమ్మ ఈ మధ్యాహ్నమే బస్సు దిగింది. సంచి కింద పెట్టకముందే పక్కింటి నాగదుర్గ ఫోను తెచ్చి చూపించింది. మంగళవారం పొద్దున పెదపాడు దాటాక ఏలూరు దారిలో సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన్ని ఎవరో బండితో గుద్ది, ఆగకుండా పోయారట. ఆయనకు ఇంకా స్పృహ రాలేదట. ఎర్ర బండి, ట్యాంకు మీద తెల్ల డేగ, వెనక ‘అమ్మ ఆశీస్సులతో’ అన్న అక్షరాలు. ఎక్కడైనా కనిపిస్తే చెప్పమని కింద ఓ నంబరు.

“మీవాడి బండీ ఇలాగే ఉంటది కదా వదినా?” అంది నాగదుర్గ.

“ఇలాంటివి ఊరికి పది ఉంటాయమ్మా” అనేసి తలుపేసుకుంది వెంకాయమ్మ. పెరట్లోకి పరిగెత్తి చూస్తే బండి చేపల వలల చాటున, గోనెపట్టా కప్పుకుని ఉంది. ఇంక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకపోయింది.

“ఇటు తప్పుకోండి, చాకుతో గీకేస్తాను” అంటూ ఇప్పుడు భర్త పక్కకు చేరింది.

“చాకు పెట్టకే. రంగు లేచొచ్చేసుద్ది. గీత కనపడితే ఏం గీకారని అడుగుతారు.”

సత్తిరాజు వల అల్లే నైలాను దారం మూరెడు తెంపి, రెండు కొసలూ వేళ్లకు చుట్టుకున్నాడు. మెత్తబడిన స్టిక్కరు అంచు కింద దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ లాగాడు. డేగ ముక్కు లేచింది.

“మొహం అంత దగ్గర పెట్టకండి. కంటి ఆపరేషనై నెల కాలేదు, ఆవిరి తగిలితే కన్నే పోద్ది. చుక్కలు వేసుకున్నారా?”

“ఊఁ.”

కిటికీలో చుక్కల మందు సీసా నిండుగా ఉంది. తను ఊరెళ్లేనాటికి సీసా అడుగంటడం గుర్తొచ్చి ఆమె కొడుకు వైపు తిరిగింది.

“ఏరా, మంగళవారం ఏలూరు వెళ్లింది నాన్న మందుకేనా?”

మెట్ల మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్న మురళి తలెత్తాడు. తండ్రి వంక చూసి మళ్లీ దించేసుకున్నాడు.

“ఆయన్ని చూస్తావేంట్రా, కొడతారనా? కొడితే బాగుణ్ణు! చేపల మేత బస్తా నీళ్లలో పడేసిన రోజు గట్టు పొడుగునా తరిమారు కదండీ వీణ్ణి! ఇవాళ నోరు పడిపోయిందా?”

సత్తిరాజు దారం లాగుతూనే ఉన్నాడు.

వెంకాయమ్మ బండి వెనక్కి చేరి ఒక్కో అక్షరం గోటితో లేపింది. అంటుకున్న జిగురు మీద కొబ్బరినూనె రాసి, నాని వదిలాక గుడ్డతో తుడిచింది. “నా పేరు పెట్టుకుని మనిషిని గుద్దొచ్చావు కదరా” అంటూ ముక్కు చీదింది. అదే గుడ్డతో హ్యాండిలు తుడవబోతే అద్దం కిందికి వాలి ఉంది. “దెబ్బకి ఇదీ వంగిపోయింది కాబోలు” అనుకుంటూ, ఆరడుగుల కొడుకు కంటికి ఆనేట్టు దాన్ని పైకి తిప్పింది.

వీధిలో ఏదో బండి ఆగిన చప్పుడు.

“పోలీసులండీ! అయిపోయింది, అంతా అయిపోయింది!” గోనెపట్టా లాగి కప్పి, దానిమీద బోర్లా పడిపోయింది.

“చెరువుల మేత దింపుతున్నారమ్మా” అన్నాడు మురళి నీరసంగా.

సందె పడేలోగా డేగ మొత్తం ఊడొచ్చింది. సత్తిరాజు నూనె రాసి, జిగురంతా తుడిచి, సబ్బునీళ్లతో కడిగాడు. గీత పడలేదు, రంగు లేవలేదు. వెంకాయమ్మ కొంగుతో తడి అద్ది వెనక్కి జరిగి చూసింది.

చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది.

నాలుగేళ్ల ఎండకు ట్యాంకంతా వెలిసిపోయింది. స్టిక్కరు కిందున్న రంగు మాత్రం కొన్ననాటిలా నిగనిగలాడుతోంది. ముక్కు, గోళ్లు, చాపిన రెక్కలు, ఏదీ పోలేదు. తెల్ల డేగ కాస్తా ఎర్ర డేగయింది. ఆమె కొంగు పెట్టి రుద్దింది. రుద్దినకొద్దీ అది ఇంకా మెరిసింది.

“ఇంక దీన్నెవరూ దాచలేరు” అంటూ నేల మీద కూలబడిపోయింది. “ఎందుకు ఆగలేదురా? దిగి కాసిని నీళ్లు పోసుంటే మనిషివనేవాళ్లు కదరా! చెప్పు!”

మురళి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఏవండీ, మీరడగండి. నేనడిగితే చెప్పడు, మీరంటే భయం వాడికి. ఎందుకు ఆగలేదో మీరే అడగండి!”

మురళి దిగ్గున లేచాడు. “గుద్దింది నేనే. భయమేసి ఆగలేదు. చాలా అమ్మా? ఇంక నాన్నని ఏమీ అడగకు.”

బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. సత్తిరాజు వేళ్లకు చుట్టుకున్న దారం ఒక్కో చుట్టే విప్పుకున్నాడు. విప్పడం అయ్యాక కూడా దాన్ని చేతిలోనే పట్టుకుని, ట్యాంకు మీది డేగను వేలితో తడిమాడు.

తర్వాత వచ్చి భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

“మంగళవారం బండి తోలింది నేను.”