మరియమాతకు పెట్టిన షరతులు

"వేరే ఇల్లే దొరకలేదా నీకు?" లూమింగ్ కేకకు గుమ్మంలో పడుకున్న కుక్క లేచి వెళ్లిపోయింది.

జపమాల సంఘం పెద్ద మామెంగ్ మాత్రం చలించలేదు. "వరస అదే అక్కా. ఈ వారం మరియమాత మీ ఇంట్లో, శనివారం సాయంత్రం పక్కింటికి. ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లాలే మోసుకెళ్లి, అవతలి ఇల్లాలి చేతుల్లో పెట్టాలి. అక్టోబరు నెలంటే మన అమ్మమ్మల నాటి నుంచీ ఇదేగా పద్ధతి."

"దాని గడప తొక్కి ఎన్నేళ్లయిందో నీకు తెలీదూ?"

"అయితే తొక్కే రోజు వచ్చిందన్నమాట." మూరెడు కొయ్య స్వరూపాన్ని బల్ల మీద నిలిపి మామెంగ్ మెల్లగా జారుకుంది.

పక్కిల్లంటే పరాయిదేం కాదు. అమ్మ పోయాక ఒకే ఇంటికి నడుమ వెదురు తడిక కట్టించి రెండు చేసుకున్నారు అక్కచెల్లెళ్లు. లూమింగ్ వాకిలి సముద్రం వైపు, పెట్రా వాకిలి రోడ్డు వైపు. అమ్మను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నది పెట్రాయే. చేపలమ్ముకుని లూమింగ్ ఇల్లు చేరేసరికి అమ్మ కన్నుమూసింది. ఆ దుఃఖంలో నలుగురూ వింటుండగా, "నువ్వే అమ్మను పొట్టన పెట్టుకున్నావు" అనేసింది చెల్లెల్ని. పెట్రా ఒంటరి మనిషి, అప్పటి నుంచీ ఆ వైపు అలికిడన్నదే లేదు. లూమింగ్‌కు మాత్రం ఆనాటి నుంచి కంటినిండా నిద్ర లేదు.

ఆ సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి మోకరించింది.

"తల్లీ, నాకు మనశ్శాంతి కావాలి. అందుకు దాని కాళ్లు పట్టుకోమంటావా? సరే, ఒక గుర్తు చూపించు. నేను తలుపు తట్టకముందే అది తలుపు తీయాలి. లేదంటే నిన్ను గుమ్మంలో దించి వచ్చేస్తాను, ఏమీ అనుకోకు."

మూలన కూర్చుని పందెంపుంజును దువ్వుతున్న మొగుడు గోరియో తలెత్తాడు. "కాస్త మెల్లగా అడగవే. దేవమాతకు చెవుడేం లేదు."

"పరలోకం పక్కింట్లో ఉందా ఏం, మెల్లగా అంటే వినబడటానికి?" అంది లూమింగ్. ఏళ్ల తరబడి చేపల బజారులో అరిచిన గొంతు అది. తగ్గమంటే తగ్గదు.

మర్నాటికి ఆ షరతు మరీ చవకగా తోచింది. ఊరేగింపు పాటలు వినబడితే ఎవరైనా తలుపు తీస్తారు కదా! "తీస్తే చాలదు తల్లీ, ముందు అదే 'అక్కా' అని పిలవాలి" అని తగిలించింది. ఆ మర్నాడు ఇంకోటి. "అమ్మ కాచినట్టే నల్లబెల్లం వేసి అల్లం కషాయం ఇవ్వాలి. అదీ అమ్మ నీలం కప్పులో."

గోరియో పకపకా నవ్వాడు. "రొయ్యలు కూడా వేయించమను, నేనూ వస్తాను."

"నీకేం తెలుసు? కషాయం వాసనొస్తేనే అది ఆమడ దూరం పరిగెత్తేది." ఇక ఆ గడప తొక్కే పని లేదని లూమింగ్‌కు ధీమా కలిగింది.

శుక్రవారం మోకరించేసరికి మాత్రం ఏ షరతూ నోటికి రాలేదు. కొయ్య ముఖంలోని ఆ నెమ్మది చూస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

"నీకు తెలుసు కదా తల్లీ. అమ్మ పోయింది దానివల్ల కాదు. నేనే వేళకు రాలేదు. ఆ బరువు మోయలేక దాని నెత్తిన పెట్టాను. గుర్తులేమీ వద్దులే. నీ బిడ్డతో చెప్పి నన్ను క్షమించమను, అంతే చాలు."

ఏడ్చింది కూడా ఆ గొంతుతోనే. ఏడ్చి పడుకున్నదల్లా తెల్లవారేదాకా కదల్లేదు.

శనివారం సాయంత్రం కొవ్వొత్తులు, పాటలు వెంట రాగా, స్వరూపాన్ని గుండెకు హత్తుకుని రోడ్డు వైపు తిరిగి వెళ్లింది. తలుపు ముందు ఆగింది. తట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇంతలో తలుపే తెరుచుకుంది.

"రా అక్కా" అంది పెట్రా.

స్వరూపం చేతులు మారింది కానీ, ఇద్దరూ కాసేపు దాన్ని వదల్లేకపోయారు.

జపమాల ముగిసి, కొబ్బరి మిఠాయి తిని అందరూ వెళ్లారు. పెట్రా లోపలికి వెళ్లి, ముక్కు పక్కకు తిప్పుకుంటూ ఒక కప్పు తెచ్చింది. అంచు పెచ్చులూడిన నీలం కప్పు. పొగలు కక్కే అల్లం ఘాటు.

లూమింగ్ కళ్ల వెంట నీళ్లు జలజలా కారాయి. "నన్ను క్షమించవే పెట్రా."

"ముందు తాగు. చల్లారిపోతుంది."

అదే ఘాటు, అదే తీపి. లూమింగ్‌కు మనసంతా చల్లబడి హాయిగా ఉంది. "నీకు తెలీదే! ఇదంతా అద్భుతం. నేను అడిగినవన్నీ పొల్లు పోకుండా ఇచ్చింది ఈ తల్లి."

పెట్రా తలవంచుకుని వేలికొసతో బల్ల మీద గీతలు గీస్తూ కూర్చుంది.

అప్పుడే తడిక అవతల గోరియో పుంజుతో గుసగుసగా అన్నాడు. "హమ్మయ్య, ఇకనుంచి మనకూ నిద్ర పడుతుందిరా!"

చెవిలో చెప్పినట్టు ప్రతి మాటా వినబడింది. లూమింగ్ తడిక వంక చూసింది. తర్వాత చెల్లెలి వంక చూసింది.

పెట్రా నవ్వాపుకోలేకపోయింది.

"పరలోకం పక్కింట్లోనే ఉందక్కా."