కడుపులో కాపలా

గురప్ప సిద్ధమ్మను పురుగును చూసినట్టు చూశాడు.

కాదు, తప్పు. పట్టుపురుగులనైతే ఆయన కన్నబిడ్డల్లా చూసుకుంటాడు.

చల్లమని ఇచ్చిన మందు పొట్లాలు మూడింటినీ, ఒక్కటైనా విప్పకుండా, ఆకు గంప కింద దాచిపెట్టింది ఈ కూలి మనిషి.

చౌడేపల్లె చుట్టుపక్కల షెడ్లలో వైరస్ రోగం తిరుగుతోంది. పురుగు ఉబ్బి, చిట్లి, పాలలాంటి నీరు కారి చస్తోంది. గురప్పకు ఇప్పటికే రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే మల్బరీ తోట పీకేసి, పుంగనూరులో వాచ్‌మన్‌గా చేరతానని పెళ్లాంతో అనేశాడు. పట్టు తప్పితే ఇక పట్నమే.

"యాల సల్లలేదు?"

"పురుగు కడుపులో కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపలా ఉంటాయప్పా. వైరస్‌ను అణిచి పెడతాయి. ఈ మందు ముందు వాటినే సంపుతాది."

"పక్క షెడ్డు మురళి సల్లినాడు గదా?"

"సల్లినాడు. పూడ్సినాడు."

ఆలస్యంగా చల్లాడు కాబట్టి పోయాయన్నాడు గురప్ప. తాను పురుగులకు కాపలా ఉంటాడు గానీ పురుగుల్లో కాపలా మాట ఎన్నడూ వినలేదన్నాడు. కూలి చేతిలో పెట్టి, ఆ పూటే పంపేశాడు.

ఆమె కుప్పం బస్సెక్కింది.

గురప్ప తనే పొట్లం విప్పాడు. ఆకు మీద చల్లి తినిపించాల్సిన మందు అది, కానీ ఆకు ముట్టే పురుగు ఒక్కటీ లేదు. అన్నీ తలలెత్తి గూడు కట్టే చోటు వెతుకుతున్నాయి. పొట్లం మళ్లీ మడిచేశాడు.

వారం తిరిగేసరికి షెడ్డు నిండా తెల్లటి గూళ్లు. రెండు నెలల్లో మొదటిసారి గురప్ప కడుపు నిండా తిన్నాడు, షెడ్డు గడప మీదే కూర్చుని.

మదనపల్లె గూళ్ల మార్కెట్లో, పట్టుపురుగుల మీద పరిశోధన చేసే భరత్ ఒక గూడును చెవి దగ్గర ఆడించి చూశాడు. అందరివీ పోతే నీవెట్లా నిలిచాయని అడిగాడు.

మందు చల్లలేదని గురప్ప కాస్త గొప్పగానే చెప్పాడు. ఎవరు చల్లలేదో చెప్పలేదు.

"మంచి పని చేసినావన్నా. ఇది మాకు నేర్పింది కూడా ఒక రైతే. పెద్దమండ్యంలో మందు సల్లి షెడ్డంతా పోగొట్టుకునింది. సల్లడం మరిసిన ఒక్క పురుగుల తట్ట బతికింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో మా దగ్గరికి వచ్చింది."

గురప్ప గూళ్ల బస్తా వదిలి దగ్గరికి జరిగాడు.

"ఇప్పుడామె యాడుండాది సార్?"

"రోగం వచ్చిన ఊళ్లు ఎతుక్కుంటా కూలికి పోతాండాది. మాట ఇనే రైతుకు చెప్తాదంట, ఇననోడి మందు పొట్లాలు ఆకు గంప కింద దాసేస్తాదంట."