నూట ఇరవై, ఎనభై

మెకానిక్ టీలో గోరు ముక్క తేలింది.

పక్కనే ఓనరు బల్ల మీద కాళ్లు చాపుకుని గోళ్లు తీసుకుంటున్నాడు. చేతి గోళ్లు కావు, కాలి గోళ్లు. ఛీ!

"తీసి పారేసి తాగవయ్యా. మహారాజులా చూస్తావేంటి?" అన్నాడు ఓనరు.

మెకానిక్ గ్లాసు కింద పెట్టేశాడు. స్క్రూడ్రైవరు అందుకున్నాడు. పన్నెండేళ్లుగా ఇదే వరస.

ఆ రిపేరు షాపంతా కలిపి ఒక్క గది. అన్నం తిని ఓనరు చెయ్యి తుడుచుకునేది మెకానిక్ తువ్వాలుకే. ఫోనులో కస్టమర్లతో "అమ్మా, తల్లీ" అంటూ తేనె కారుస్తాడు. ఫోను పెట్టేసి మెకానిక్ మీద పడతాడు. స్క్రూ కింద పడితే తిట్లు. పడకపోతే "ఏంటా నత్త నడక" అని తిట్లు. పనిముట్టేదైనా కొనమని అడిగితే తాతముత్తాతల దాకా వెళ్తాడు. రోషమున్నవాడెవడూ ఆ గదిలో గంటసేపు కూర్చోలేడు. మెకానిక్ మాత్రం రోజుకు పది గంటలు కూర్చుంటాడు.

ఇల్లు చేరేసరికి అతని మొహం కందగడ్డలా ఉంటుంది. తల వెనక పోటు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఊరికే గుండె దడ.

"మీకు బీపీ ఉందండీ," అంది భార్య. ఆమె స్కూలు టీచరు. ఏ పిల్లాడికి జ్వరం వస్తోందో మొహం చూసి చెప్పేస్తుంది. "వాడి మాటలు పడీ పడీ తెచ్చుకున్నారు. మా తమ్ముడి లిఫ్టుల కంపెనీలో ఖాళీ ఉంది. సోమవారం దాకా ఎవర్నీ తీసుకోనన్నాడు. మానేయండి ఆ రోత కొంప."

"నాకు బీపీ ఏంటే? నా బీపీ నాకు తెలీదా? నూట ఇరవై, ఎనభై. ఎప్పుడు చూసినా అంతే."

"అయితే డాక్టరుకి చూపించుకోండి. ఎక్కువుందని తేలితే మానేయాలి."

"లేదని తేలితే? నువ్వు మళ్లీ ఆ మాటెత్తకూడదు."

"ఎత్తను," అంది. ఆమె ధీమా ఆమెది.

శనివారం షాపు ఎగ్గొట్టి భార్యతో బయల్దేరాడు. మొదటి క్లినిక్కులో డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విన్నది.

"గుండె మీదా, రక్తనాళాల మీదా పెత్తనం మెదడుది," అంది. "భయమేస్తే బీపీ పెంచుతుంది. భయం పోగానే దించుతుంది. రోజూ తిట్లు తింటూ ఏళ్ల తరబడి బిక్కుబిక్కుమంటూ బతికితే దించడం మానేస్తుంది. ఆ ఎక్కువే మామూలనుకుంటుంది. మనిషి కూడా నాకేం కాలేదనుకునే తిరుగుతాడు. మీరు చెప్పినదాన్నిబట్టి ఎక్కువే ఉండాలి."

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. ముల్లు చూసింది. గాలి వదిలేసి మళ్లీ కొట్టి చూసింది.

"నూట ఇరవై, ఎనభై," అంది, తనకే నమ్మకం కుదరనట్టు.

భార్య మొహం మాడిపోయింది. "ఇంకో చోట చూపిద్దాం," అంది.

రెండోది పెద్దాసుపత్రి. ఫినాయిలు కంపులో రెండు గంటలు నిలబెట్టారు. లోపల అదే అంకె. భార్య ఊరుకోలేదు. తన చెయ్యి చాపి, "నాకు చూడండి," అంది.

డాక్టరు చూశాడు. "ఎనభై, యాభై. జబ్బు మీకమ్మా! లో బీపీ. కళ్లు తిరగట్లేదూ?"

"కళ్లు తిరగట్లేదు. ఒళ్లు మండుతోంది."

"ఈమధ్య ఈ ఊళ్లో ఎవర్ని చూసినా లో బీపీయే. కాస్త ఉప్పు ఎక్కువేసుకోండి," అన్నాడు డాక్టరు.

మెకానిక్ పగలబడి నవ్వాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్లయిందో! ఆ కాస్త నవ్వుకే ఆయాసమొచ్చి గోడ పట్టుకున్నాడు.

మూడో చోట ముసలి డాక్టరు మెకానిక్ మొహం వంకా మిషను వంకా మార్చి మార్చి చూశాడు. మిషనును వేలితో టకటకా కొట్టాడు. "ఇది సరిగ్గా చూపిస్తోందో లేదో," అని గొణిగాడు.

"మిషనుకేం కాలేదండీ," అన్నాడు మెకానిక్ చురుక్కుమని. "మీరు చూడండి."

నూట ఇరవై, ఎనభై.

రోడ్డు మీదకి రాగానే భార్య అతని చెయ్యి పట్టుకుంది. "వాళ్లు ఏమన్నా అననీండి. మీ మొహం నేను రోజూ చూస్తున్నాను. ఆ రంగు మంచిది కాదు. నా మాట వినండి."

"మనుషులు అబద్ధాలాడతారు. మిషను ఆడదు. మాటంటే మాటే," అన్నాడు.

ఆమె అక్కడే ఫోను తీసి తమ్ముడికి చెప్పేసింది. "మీ బావ రారురా. ఇంకెవర్నన్నా పెట్టుకో." ఫోను సంచిలో పడేసి, "ఛీ, ఏం బతుకు!" అంది. ఇంటిదాకా మొగుడి వంక చూడలేదు.

సోమవారం ఓనరు అరచేతిలోకి తుమ్మి, ఆ తడి చేత్తోనే మెకానిక్ భుజం మీద చరిచాడు.

"శనివారం ఎక్కడ ఊరేగావురా? ఈ మిషన్లన్నీ ఎవడు చేస్తాడు, మీ తాతా?"

మెకానిక్ కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. తువ్వాలుతో భుజం తుడుచుకున్నాడు. ఎంతైనా ముగ్గురు డాక్టర్లు చూసి చెప్పారు, తనకేం కాలేదని. ఇంకో పన్నెండేళ్లయినా పడగలడు.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొలత సరిచూసే గేజీ ఓనరు ఏనాడూ కొనివ్వలేదు కాబట్టి, ఇన్నేళ్లుగా ఆ ఊరి ఆసుపత్రుల మిషన్లన్నిటికీ చేస్తున్నట్టే, రిపేరుకొచ్చిన బీపీ మిషను పట్టీని తన చేతికే చుట్టుకుని, ముల్లు నూట ఇరవై, ఎనభై చూపించేదాకా స్క్రూ తిప్పాడు.