తప్పు నాదే

"ఆ రేడియో కాస్త పెంచవే, మనవాడి పాట వస్తోంది!"

వర్లీన్ పనిచేసే బ్యూటీ పార్లర్లో డ్రయ్యర్ కింద తల పెట్టుకుని కూర్చున్న మిస్ ఓపల్ కేకేసింది. ఆ హోరులో ఆవిడ మాట ఆవిడకే వినపడదు గానీ, ఈ పాట మాత్రం ఎలాగో వినపడుతుంది.

వర్లీన్ దువ్వెన పక్కనపెట్టి రేడియో పెంచింది. పెంచక చస్తుందా? అడిగింది పాస్టరుగారి భార్య. పెళ్ళయినా ఆ ఊళ్ళో పెద్దావిడలంతా 'మిస్'లే.

ముందు ఫిడేలు, ఆ వెనక గిటారు, దాని వెనక డెల్మర్ గొంతు. 'నీ చేతుల పగుళ్ళు చూడలేదు, తప్పు నాదే. తిన్నావా అని అడగలేదు, తప్పు నాదే. తిరిగి రావే...'

అతని మొట్టమొదటి పాట అది. నిన్నమొన్నటిదాకా దాణా కొట్లో లారీ తోలుకున్న మనిషి, ఆ ఒక్క పాటతో టెనెసీ నుంచి టెక్సస్ దాకా ఆడవాళ్ళందరి చేతా కళ్ళు తుడిపించాడు. మూడు వారాలుగా అదే నంబర్ వన్. తడవనివల్లా వర్లీన్ కళ్ళే. పదకొండేళ్ళు అతనితో కాపురం చేసి, పోయిన చలికాలంలో పెట్టె సర్దుకుని వచ్చేసింది ఆవిడే మరి.

"నీ చేతులు పగిలిన సంగతి కూడా కనిపెట్టాడే!" మిస్ ఓపల్ ముక్కు చీదింది. "మా ఆయన నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం గంటసేపు ప్రసంగిస్తాడు. ఒక్కసారన్నా నా చేతుల వంక చూశాడా?"

"మాటలు బాగానే ఉన్నాయి మిస్ ఓపల్. మాటలతో నాకు పేచీ లేదు."

"మరి దేంతో?"

"ఆ మాట రేడియోలో దేశమంతటికీ చెప్పాడు. నాకు చెప్పలేదు."

"నీ బింకం పాడుగాను! పాటలో చెప్పింది నీకు కాక మీ పక్కింటావిడకా?"

ఊరంతా ఇదే వరస. సరుకులకి వెళితే బిల్లు కొట్టే పిల్ల "ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడుగుతుంది. చర్చిలో పాస్టరుగారు క్షమాగుణం గురించి చెబుతూ సరాసరి ఆవిడ కూర్చున్న బెంచీ వైపే చూస్తాడు. ఇక తల్లి ఫోను రోజూ ఉండనే ఉంది.

"మొగాడు తప్పు నాదే అన్నాడే! నా జన్మలో వినలేదా మాట. నువ్వు వెళ్ళనంటే చెప్పు, నేనెళ్తాను."

"అమ్మా!"

"వచ్చేసేటప్పుడు బల్లమీద చీటీ పెట్టొచ్చానన్నావే, దాంట్లో ఎంత గడ్డి పెట్టావో గానీ, మొత్తానికి బుద్ధి తెచ్చుకున్నాడు."

నిజం చెప్పాలంటే వర్లీన్‌కీ వెళ్ళాలనే ఉంది. పదకొండేళ్ళలో అతను కొట్టలేదు, తిట్టలేదు. అసలు మాట్లాడితేగా! తాగిన కాఫీ కప్పు ఉన్నచోటే వదిలేసి పోయేవాడు. ఆ మనిషి ఎదురుగా నిలబడి, గిటారు లేకుండా, తనతో ఒక్కసారి ఆ మాట అంటే చాలనుకుంది. అంటే ఆ క్షణమే వెంట వెళ్ళిపోతుంది. అనకపోతే ఇక ఈ జన్మలో వెళ్ళదు.

శనివారం పొద్దున ఊళ్ళోవాళ్ళు డెల్మర్‌కి ఊరేగింపు పెట్టారు. హైస్కూలు బ్యాండు, వెనక అతని బస్సు. అది సరిగ్గా పార్లర్ ముందు ఆగింది. ఆగుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు, వర్లీన్‌కి తప్ప.

డెల్మర్ పూలగుత్తితో లోపలికొచ్చి టోపీ తీశాడు. వెనకే జనం గాజు తలుపుకి ముక్కులు ఆనించి నిలబడ్డారు. మిస్ ఓపల్ తలనిండా రోలర్లతోనే డ్రయ్యర్ కిందనించి బయటికొచ్చింది.

"బాగున్నావా?" అన్నాడు.

"ఊఁ."

టోపీని చేతుల్లో రెండుసార్లు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నీకో మాట చెప్పాలని ఇంతదూరం వచ్చాను. నాకు మాటలు రావు, నీకు తెలుసుగా."

"తెలుసు." వర్లీన్ చెయ్యి దానంతటదే ఏప్రన్ ముడి మీదికి పోయింది. "చెప్పు డెల్మర్. వింటున్నాను."

బయట బ్యాండు ఆగింది. మిస్ ఓపల్ అప్పుడే కళ్ళు ఒత్తుకుంటోంది. డెల్మర్ జనం వంక ఓసారి చూసి, వర్లీన్ చెవి దగ్గరికి వంగాడు.

"రెండో పాటకి కూడా నువ్వే ఓ చీటీ రాసిపెట్టవూ?"