ఏం పాలిష్ తమ్మీ?

భాస్కర్ గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. ఒక్కడే పోతే బాధ లేదు. మిర్యాలగూడ వాళ్లందరినీ వెంటేసుకుపోయి 'అసలు చెక్క' అని వేరు కుంపటి పెట్టాడు.

కోదాడలో మురళీధర్‌కు ఆ పూట అన్నం సహించలేదు. 'మన చెక్క - మన చెయ్యి' వాట్సాప్ గ్రూపు అతను పెట్టిందే. చెక్కపని సరదా ఉన్నవాళ్ల కోసం. అందులో ఉలి పట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు. మిగతావాళ్లంతా చదువుకున్నవాళ్లు, అంటే సలహాలిచ్చేవాళ్లు. మురళీధర్ కూడా స్టూలు మొదలుపెట్టి, ఒక కాలు పొడుగైందని అదీ, పొట్టిదైందని మిగతావీ కోసి కోసి, చివరికి చపాతీల పీట తేల్చినవాడే. కానీ ఫొటో చూసి చెక్క ఏ అడవిదో చెప్పగలడని పేరు.

"జర ఆ ఫోన్ పక్కకు పెట్టి సూర్యాపేట పొయ్యి రారాదు? ఏడాదాయె," అంది భార్య నాగరాణి.

"పోత తియ్యి. అదేమన్న లేసి ఉరుకుతదా?"

"గ్రూపు ఉరుకుతదా మరి?"

"ఉరుకుతున్నదే! గదే నా పరేషాన్."

నిజమే. గ్రూపును ఇప్పుడు నిలబెడుతున్నవాడు ఒక్కడే, ధర్మా. వేములపల్లిలో గొర్రెలు అమ్మేసి, ఈ మధ్యే సూర్యాపేట వచ్చి టిఫిన్ బండి పెట్టుకున్నాడు. పొద్దున దోసెలు, మధ్యాహ్నం చెక్కపని. అతను ఫొటో పెడితే గ్రూపు లేస్తుంది. పెట్టకపోతే పడుకుంటుంది. అతని మీదా భాస్కర్ కన్ను పడిందని తెలిసి మురళీధర్ ఫోన్ చేశాడు.

"తమ్మీ, మమ్మల్ని ఇడిసి పోవు గదా?"

"పోను గని అన్నా, చెక్క ఏడున్నది? టేకు ముట్టుకుంటె కాల్తున్నది. భాస్కరన్న అయితె చెక్క నేనే ఇస్త అంటున్నడు."

మురళీధర్ గబగబా అందుకున్నాడు.

"కొనుడెందుకు తమ్మీ? పాత ఇండ్లల్ల సూడు."

"మా పక్కకే ఒకటున్నది. తాళమేసి ఉన్నది. లోపలంత టేకే. కని ఓనరు..."

"చెక్క ఇలువ తెలిసినోడైతె తాళమేసి పోతడా? వాడొట్టి మొద్దు. వచ్చి సూసే రకం గాదు. చెదలు తినేదానికన్న నీ చేతుల పడితె దానికి మోక్షం."

"తప్పు గాదా అన్నా?"

"కళ తమ్మీ ఇది! అడ్మిన్‌గ చెప్తున్న. ఏమైన అయితె నేనున్న."

అడ్మిన్ మాట ధర్మాకు వేదం. మొదట అలమార పలకలు పుస్తకాల అరలై వచ్చాయి. తర్వాత కిటికీ రెక్కలు టీపాయ్ అయ్యాయి. వీధి తలుపులు ఉయ్యాల బల్ల అవుతుంటే ధర్మా మళ్లీ వెనకాడాడు. "భయపడకు, కొయ్యి!" అని మురళీధర్ పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. ఫొటో రాగానే మూడు దండాలు, ఒక పువ్వు. "ఇదీ టేకంటే! నేను పుట్టి బుద్ధెరిగి ఇట్లాంటి చెక్క చూడలేదు," అని రాశాడు. మిర్యాలగూడ వాళ్లు ఒక్కొక్కరే సిగ్గుపడుతూ వెనక్కి రాసాగారు.

ఆఖరికి ధర్మా ఒక పీట పెట్టాడు.

గ్రూపు నోరు వెళ్లబెట్టింది. జానెడు మందం టేకు. లోపల దీపం పెట్టినట్టు పచ్చటి రంగు. ఏం పాలిష్, ఏం పాలిష్ అని ఒకటే గోల.

"నేనేం రాయలేదన్నా. గట్లనే ఉన్నది," అన్నాడు ధర్మా.

ఎవరూ నమ్మలేదు. ఒకాయన ఆవనూనె అన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన అది జర్మనీ రసాయనమని రెండు పేజీలు రాశాడు. మురళీధర్ తన చపాతీల పీటకు వార్నిష్ పూశాడు, ఆ రంగు రాలేదు. వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి పూశాడు. అది లుంగీకి అంటింది గాని చెక్కలోకి దిగలేదు.

"రేపు శుక్రవారం గడపకని పెట్టుకున్న పసుపు!" నాగరాణి డబ్బా గుంజుకుంది. "ఒక్కనాడు పూస్తె పట్టుకునేతందుకు అదేమన్న గోడ సున్నమా?"

ఇంతలో భాస్కర్ కబురు పంపాడు. ఆ పాలిష్ ఏదో చెబితే తన గ్రూపు మూసేసి అందరితో సహా వచ్చి కలుస్తాడట. చెప్పకపోతే మిగిలినవాళ్లనూ లాగుతాడట.

మురళీధర్ ఒక షీల్డు చేయించాడు. పేరుకు ధర్మాకు సన్మానం, పని పాలిష్ రహస్యం. సూర్యాపేట అనగానే నాగరాణి మొహం విప్పారింది.

"ఎట్లాగూ పోతున్నవ్ గదా, అది గూడ సూసుకోని రా."

"ముందు పాలిష్. తర్వాత ఏదైన."

ధర్మా బస్టాండుకు వచ్చి బైకు మీద ఎక్కించుకున్నాడు. దారి పొడవునా మురళీధర్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. మెసేజ్ మీద మెసేజ్. 'బయలుదేరాం.' 'మలుపు తిరిగాం.' 'రహస్యానికి దగ్గరలో ఉన్నాం.' రెండు గ్రూపులూ ఊపిరి బిగబట్టాయి.

బైకు ఆగింది.

"దిగన్నా. పాలిష్ పాలిష్ అంటివి, ఆ చెక్క గీ ఇంటిదే. గడప గూడ ఇడవలే, ఊడబీకి ఆ పీట జేసిన. నువ్వు జెప్పిందే నిజమన్నా, ఆ మొద్దోడు ఒక్కపారి గూడ రాలే."

మురళీధర్ గ్రూపంతా చూసేలా ఫోన్ కెమెరా అటు తిప్పి, తానూ తలెత్తి చూసేసరికి, నిరుడు కోదాడకు ట్రాన్స్‌ఫరైనప్పుడు తాను తాళమేసి వెళ్లిన సొంతిల్లు తలుపుల్లేకుండా, కిటికీల్లేకుండా, పెళ్లయిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం నాగరాణి పసుపు రాసిన గడప లేకుండా నోరు తెరుచుకుని నిలబడి ఉంది.