ముక్కుతాత

"అన్నా, బండి కింద నూనె చుక్కలు. నడుపుతుంటే మాడు వాసన. ఏమైందో చూడు!"

ఆఫీసు టైమైపోతోందని బండి తెచ్చిన ఉద్యోగి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

మెకానిక్ గుండెల్లో రాయి పడింది.

ఇంజను దగ్గర వంగి గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు. వానాకాలంలో పట్టిన జ్వరం పోతూ పోతూ అతని ముక్కును పట్టుకుపోయింది. షెడ్డు వెనక గదిలో ఒంటి బతుకు. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడినా చెప్పే దిక్కు లేదు.

సంగతి బయటపడితే కొంప మునిగినట్టే. వాసన తెలియని మెకానిక్కుకి బండి ఎవడిస్తాడు?

"ఏం వాసనన్నా? ఆయిలా, క్లచ్చా?"

"ఉండు బాబూ, చూడనీ!"

అప్పుడు బయట బెంచీ మీంచి ముక్కుతాత లేచాడు.

ఎవరో ఏమిటో తెలియదు. రెండు నెలలుగా పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. వచ్చిన ప్రతి బండి చుట్టూ తిరుగుతాడు, వంగుతాడు, తడుముతాడు, ఆనక అదేం వాసనో వీధంతా వినబడేలా చెబుతాడు. అందుకే మెకానిక్ ఆ పేరు పెట్టాడు. పనీపాటా లేని ముసలాడని విసుక్కుంటూనే, ఆయన మాట పట్టుకుని రోజులు నెట్టుకొస్తున్నాడు.

తాత ఇంజను పైభాగాన్ని వేలితో తుడిచి చూశాడు.

"నూనె కమురు, బాబూ! ఇంజను పైమూత, అదే టాపెట్ కవరు, దాని ప్యాకింగు పోయింది. కారిన ఆయిలు వేడి సైలెన్సరు పైపు మీద పడి మాడుతోంది. క్లచ్చు జోలికి పోకు."

ఉద్యోగి పకపకా నవ్వాడు. "ఏంటన్నా, ఇక్కడ ముక్కు తాతది, చెయ్యి నీదా?"

మెకానిక్ చివాలున తాత వైపు తిరిగాడు. గుట్టు ఎక్కడ బయటపడుతుందోనన్న భయం కోపమై తన్నుకొచ్చింది.

"నిన్నెవడు అడిగాడయ్యా? షెడ్డు నాదా, నీదా? రేపట్నుంచి ఈ ఛాయలకి రాకు!"

తాత చేతులు తుడుచుకున్నాడు.

"అలాగే బాబూ. ముందు వేలు పెట్టి చూస్తూ ఉండు. ముక్కుదేముంది!"

వెళ్ళిపోయాడు.

ప్యాకింగు మార్చగానే కారడం ఆగింది.

మర్నాటి నుంచి బెంచీ ఖాళీ. నిజం చెప్పొద్దూ, మెకానిక్కుకి పిచ్చెక్కినట్టయింది. బండి గురించి కాక తనని "తిన్నావా?" అని అడిగే మనిషి ఆ ముసలాయన ఒక్కడేనని అప్పుడు తెలిసొచ్చింది.

పదో రోజు ఇంకో బండి, అదే మాడు వాసన. మెకానిక్ క్లచ్చన్నాడు. విప్పితే క్లచ్చు ప్లేట్లు నిక్షేపంగా ఉన్నాయి.

"నూనె కమురు ఇంత గుప్పుమంటుంటే నీకు తెలీలేదా?" అంటూ బండి తెచ్చిన టీచరమ్మ వింతగా చూసింది.

ఇక ఆగలేకపోయాడు. షెడ్డుకు తాళం వేసి, కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ వెళ్ళాడు. కాళ్ళు పట్టుకునైనా తాతను వెనక్కి తెచ్చుకోవాలి.

రెండు వీధుల అవతల చిన్న ఇల్లు. తాత కూతురు తలుపు తీసింది.

"నాన్న పోయి నాలుగు రోజులైందండీ."

మెకానిక్ గుమ్మంలోనే కూలబడ్డాడు.

"షెడ్డాయన మీరేనా? 'ఆ అబ్బాయి బాధ నాకు తెలుసమ్మా' అని ఎప్పుడూ మీ గురించే చెప్పేవాడు."

"పాపిష్టి నోరమ్మా నాది! ఆయన్ని తరిమేశాను. ఆయన వాసన పట్టి చెబితేనే నా పని సాగింది. అలాంటి ముక్కు ఇంకెవరికీ ఉండదు."

ఆవిడ తెల్లబోయింది.

"నాన్నకి వాసనేమిటండీ? ఇరవయ్యేళ్ళ కిందట ముక్కు పోయి, ఆ సంగతి జనానికి తెలిసి ఒక్కరూ బండి తేకపోతేనే కదా, నాన్న తన షెడ్డు మూసేసుకున్నాడు!"